నీళ్లలో ఊపిరి వదలడం నేర్చిన రోజులు

పోయిన నెలలో దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే, మా ఆవిడ పోరు పడలేక ఏలూరులో ఛాతీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన గుండెల మీదా వీపు మీదా గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకు రమ్మని పక్క గదిలోకి పంపారు. అక్కడ పాతికేళ్లు కూడా నిండని పిల్ల ఒకతి నా ముక్కుకు క్లిప్పు బిగించి, నోట్లో అట్టగొట్టం పెట్టి, నిండా గాలి పీల్చి ఆపకుండా ఊదమంది. పీల్చమన్నంత వరకూ బాగానే పీల్చాను కానీ, పీల్చిన గాలిని అలవాటు కొద్దీ లోపలే బిగబట్టేశాను. ఆ పిల్ల విసుక్కోకుండా, "బాబాయిగారండీ, బిగబట్టకండి, వదిలేయండి" అంటూ మూడుసార్లు చేయించింది, మూడుసార్లూ అదే తప్పు చేశాను. నాలుగోసారికి నాకు నవ్వు ఆగింది కాదు. ముక్కు మూసి, నోట్లో గొట్టం పెట్టి, ఎదురుగా ఒక మనిషి ఊపిరి వదలవయ్యా అని బతిమాలుకోవడం నాకు కొత్తేం కాదు. ఇరవై ఏళ్ల కిందట, అరేబియా సముద్రంలో, ఐదు నిలువుల లోతు నీళ్లలో మరొకాయన ఇదే మాట చెప్పీ చెప్పీ నామీద ఆశ వదులుకోబోయాడు.

మాది కైకలూరుకు అవతల, కొల్లేటి అంచునున్న ఊరు. మా చిన్నప్పుడు నీళ్లు ఎక్కడ మొదలై నేల ఎక్కడ ఆగేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పగలిగేవారు కాదు. తర్వాత చేపల చెరువులొచ్చి, ఎటు చూసినా గట్లే అయ్యాయి. నాన్న ఆ చెరువుల్లో తూము పని చేసేవాడు. చెరువులోకి నీళ్లు పెట్టడానికీ తీయడానికీ గట్టు అడుగున గొట్టం ఉంటుంది కదా, దానికి గుర్రపుడెక్క వేళ్లో, చిరిగిన వల ముక్కలో అడ్డం పడితే నీటి అడుగుకు దిగి వాటిని లాగి పారేయాలి. పడుతున్న వల అడుగున మోడుకు తగులుకున్నా విడదీయాలి. బురదనీళ్లు కావడంతో లోపల ఎవడి చేయి వాడికే కనపడదు. అందుకని నాన్న దిగేముందే కళ్లు మూసుకునేవాడు. తెరిచి పెట్టుకుంటే బురద పడి మంట తప్ప లాభం లేదని, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చేతులతో చూడాలని నాకూ అదే నేర్పాడు. చేతికి తగిలింది జారితే నాచు, గుచ్చుకుంటే వల, కదిలితే చేప, కదలకపోతే నీ కర్మ అనేవాడు. అమ్మ ఈ చివరి మాటకు ప్రతిసారీ చెవులు మూసుకుని ప్రభువా అనుకునేది.

నాన్న లోపలికి వెళ్లాక గట్టు మీద నిలబడ్డవాళ్లు మాటలు ఆపేసేవారు. పదీ ఇరవై లెక్కపెట్టుకుంటూ, వందకు దగ్గరపడే సరికి ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. అప్పుడు నాన్న తాపీగా తల పైకెత్తి, చేతిలో నాచు ముద్ద గట్టు మీదకు విసిరేసి, బీడీ ఉందా అని అడిగేవాడు. అంత ఊపిరి మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరికీ లేదు. నాకూ వచ్చిందనుకోండి, కానీ ఆయన బతికుండగా ఆయనకంటే ఎక్కువసేపు ఎప్పుడూ ఉండలేదు. ఉండగలనేమో, ఉండబుద్ధి కాలేదు.

తర్వాత ప్రభుత్వం వారు కొల్లేట్లో చెరువుల గట్లు తెగ్గొట్టించిన ఏడాది వచ్చింది. సరస్సు బాగుకోసమే చేశారు, తప్పనను. మా ఊరివాళ్లు మాత్రం ఏం చేయాలో తోచక అరుగుల మీద కూర్చుండిపోయారు. గట్టు లేని చోట తూమెక్కడిది, తూము లేని చోట నాన్న ఎందుకు? యాభై దాటిన మనిషి, నీళ్ల పని తప్ప మరోటి తెలియనివాడు, పొద్దున్నే లేచి తువ్వాలు భుజాన వేసుకుని ఎవరైనా పిలుస్తారేమోనని వీధిలోకి చూస్తూ ఉండటం నేను భరించలేకపోయాను. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. తాడేపల్లిగూడెంలో ఉండే మా పెద్దబావ, అంటే మా అక్క మొగుడు, కొచ్చి నుంచి పగడపు దీవులకు యాత్రికులను తిప్పే ఓడలో వంటవాడు. సెలవుకు వచ్చినవాడు నా సంగతి చూసి, డెక్కు కడగడానికి ఆ సీజనుకు మనిషి కావాలంటున్నారు, వస్తావా అన్నాడు.

గూడెం స్టేషనుకు నాన్న కూడా వచ్చాడు. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక ఊచ పట్టుకుని, "నీళ్లు ఎక్కడైనా నీళ్లేరా. మన పద్ధతి మాత్రం మానకు" అన్నాడు. ఆ మాట నా మెడకు ఎలా చుట్టుకోబోతోందో అప్పుడు నాకు తెలియదు.

ఓడంటే మీరు సినిమాల్లో చూసే మేడలాంటి ఓడ కాదండీ. రెండొందల మంది పట్టే పాత ఓడ. రాత్రంతా నడిచి పొద్దునకు ఒక దీవి దగ్గర లంగరు వేసేది. మనుషులను చిన్న పడవల్లో ఒడ్డుకు దింపి, సాయంత్రం దాకా ఆడించి పాడించి మళ్లీ ఎక్కించుకునేది. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. దాని లోపల నీళ్లు ఎంత నిశ్చలమంటే, మొదటిసారి పడవలోంచి తొంగిచూసి అడుగున ఇసుకలో మా పడవ నీడ కనబడేసరికి నాకు కళ్లు తిరిగాయి. నీళ్లకు అడుగు కనబడటం నా పుట్టుకలో అదే మొదలు. అంత లోతు కనపడుతుంటే పడిపోతామేమోనని పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. కొల్లేట్లో పుట్టినవాడివి నీకు నీళ్లంటే భయమేమిటోయ్ అని మా బావ వారం రోజులు ఏడిపించాడు.

ఆ బావకు గర్వభంగం కూడా నీళ్ల మీదే జరిగింది. దిబ్బకు అవతల అలలు విరిగే చోట, పలక మీద నిలబడి అల వెంట జారుకుంటూ వచ్చే ఆట ఆడించేవారు, సర్ఫింగు అనేవారు దాన్ని. వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది నిలబడేలోపే బోర్లా పడేవారు. ఒక మధ్యాహ్నం యాత్రికులు భోజనాలకు కూర్చున్నప్పుడు, పలకలు కడుగుతున్న నన్ను ఆడించేవాళ్లు సరదాకు రమ్మన్నారు. నేను ఎక్కి, ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ పెట్టి, మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డాను. పలక అల మీద పడి సర్రున ఒడ్డుకు వచ్చేసింది, నేనూ దాని మీదే వచ్చేశాను. అందరూ నోళ్లు తెరిచారు. ఇందులో నా గొప్పేమీ లేదు. మా ఊళ్లో తాటి మాను తొలిచి చేసిన దోనె మీద నిలబడి, గెడ వేసుకుంటూ బడికి వెళ్లినవాళ్లం. గుండ్రటి మాను మీద నిలబడ్డ కాళ్లకు చదునైన పలక ఒక లెక్కా? మా బావ మాత్రం అది చూసి, ఆమాత్రం నాకూ వస్తుందని ఎక్కి, పలక ఒక దిక్కు, తానొక దిక్కు, కట్టుకున్న లుంగీ మూడో దిక్కూ అయ్యాడు. ఆ తర్వాత నా మీద వేళాకోళం కాస్త తగ్గించాడు.

ఈ సంగతి నీటి అడుగుకు మనుషులను తీసుకెళ్లి పగడాలు చూపించే గురువుగారి చెవిన పడింది. ఆయన ఆ దీవుల్లోనే పుట్టిన మనిషి, బక్కగా, నల్లగా, అవసరానికి మించి మాట్లాడని రకం. ఆయన భాష నాకు సగం, నా భాష ఆయనకు పావు అర్థమయ్యేది, మిగతాది చేతులతో సరిపెట్టుకునేవాళ్లం. ఆయన సహాయకుడు పని మానేసి గల్ఫుకు వెళ్లిపోవడంతో కొత్తవాణ్ణి వెతుకుతున్నాడు. వానాకాలం వస్తే ఓడ ఆగిపోతుంది, నా డెక్కు పనీ దాంతో సరి. ఆయన దగ్గర కుదిరితే ఏటేటా పని ఉంటుంది, చేతికొక విద్యా ఉంటుంది. కుదరకపోతే తిరిగి మా ఊరి అరుగు మీద, నాన్న పక్కన, నాదీ ఒక తువ్వాలు.

ఈ విద్యలో మొట్టమొదటి సూత్రం, నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదని. వీపున గాలి సీసా, నోట్లో గొట్టం, పైన ఎలా పీల్చి వదులుతామో లోపలా అలాగే పీల్చి వదులుతూ ఉండాలి. చెరువు అడుగు నుంచి లేచిన బుడగ పైకి వచ్చే కొద్దీ పెద్దదవడం నేను చిన్నప్పటి నుంచి చూసిందే. లోతులో పీల్చిన గాలి మనిషి పైకి లేస్తుంటే రొమ్ములో అలాగే పెరుగుతుందట, బిగబట్టి పైకి వచ్చాడో ఊపిరితిత్తులు చినిగిపోతాయట. ఇంత వివరంగా చెప్పి, మొదటిరోజు నన్ను అడుగున ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. నేను చక్కగా కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను. నా గొట్టంలోంచి ఒక్క బుడగా రాకపోయేసరికి ఆయన నేను పోయాననుకుని జబ్బ పట్టుకుని ఊపేశాడు.

రెండోసారి మరీ అన్యాయం చేశాను. ఐదు నిలువుల లోతు నుంచి పైకి వస్తూ, వెలుతురు కనపడగానే అలవాటుగా రొమ్ము బిగించేశాను. బుడగలు ఆగడం చూసి ఆయన నా పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు. గాలంతా భళ్లున బయటకు పోయింది, నేను బతికాను. పడవ ఎక్కాక కోపంగా, సీజను ఆఖరి ప్రయాణంలో ఇంకొక్క అవకాశం, అప్పుడూ ఇలాగే చేస్తే నిన్ను చంపిన పాపం నాకొద్దు, మీ ఊరెళ్లు అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. కానీ నా కష్టం ఆయనకెలా చెప్పేది? ఊపిరి బిగబట్టడం నాకు అలవాటు మాత్రమే కాదు. అది నాన్న మాట. అది వదిలితే గూడెం స్టేషన్లో కిటికీ ఊచ పట్టుకున్న ఆ చేతిని వదిలేసినట్టే ఉండేది.

దీవిలో ఒక ఫోను బూతు ఉండేది. అక్కణ్ణుంచి మా ఊరి ఐసు కొట్టుకు ఫోను చేసి, నాన్ననూ అమ్మనూ పిలిపించమన్నాను. పావుగంట ఆగి మళ్లీ చేస్తే నాన్న పలికాడు. జరిగింది చెప్పాను. ఆయన, "నీళ్లలో ఊపిరి వదిలినోడు పైకి రాడురా" అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. నాన్న గొంతులో భయం నేను అంతకుముందు వినలేదు. ఇంతలో అమ్మ ఫోను లాక్కుంది. మా అమ్మ ఊరి చర్చిలో ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకునే మనిషి. ఆమె ఎత్తుకుంటే వెనకాల అందరూ అందుకోవాల్సిందే. నా గోడంతా విని తేలిగ్గా, "పాట పాడేవాళ్లు ఎవరన్నా ఊపిరి బిగబడతారేంట్రా? నువ్వు లోపల పాడుకో నాన్నా" అంది.

నోట్లో గొట్టం పెట్టుకుని పాటెలా పాడతాం? పాడలేం గానీ, కూనిరాగం తీయొచ్చు. తీస్తున్నంతసేపూ గాలి పోతూనే ఉంటుంది, బిగబట్టాలన్నా కుదరదు. ఆ నెలంతా డెక్కు కడుగుతూ, మా బావతో ఉల్లిపాయలు తరుగుతూ, అమ్మ ఆదివారం పాడే పాట ఒకటి పళ్లు బిగించి తీస్తూనే ఉన్నాను. నీకేమైనా గాలి సోకిందా అని బావ అడిగాడు. పదిరోజులయ్యేసరికి ఆ గాలి ఆయనకూ సోకి, గరిటె తిప్పుతూ అదే రాగం తీశాడు.

ఆఖరి ప్రయాణంలో నన్ను తీసుకుని గురువుగారు దిగిన పూట, మాతో పాటు పూణేలో బ్యాంకు ఉద్యోగం చేసే పెద్దమనిషి ఒకాయన కూడా ఉన్నాడు. మూడురోజులు భయపడి, నాలుగోరోజు భార్య ధైర్యం చెబితే వచ్చాడు. ఆవిడ పడవలో కూర్చుని ఉంది. దిగినప్పుడు బాగానే ఉంది. కాసేపటికి బయట సముద్రంలో ఎక్కడో గాలి లేచి, అలల ఊపు దిబ్బ దాటి లోపలికి వచ్చి, అడుగునున్న తెల్లటి ఇసుకంతా లేపేసింది. చూస్తుండగానే నీళ్లు గంజిలా అయిపోయాయి, చాపిన చేయి కనపడలేదు. అదే సమయానికి ఆ పెద్దమనిషి వెనక్కి వెళ్లి, పగడాలకు చిక్కుకుని ఉన్న పాత చేపలవలలో పడ్డాడు. వీపున ఉన్న గాలి సీసా మెడకు వల చుట్టుకుంది. ఆయన కొట్టుకోవడం మొదలుపెట్టాడు. గురువుగారు ఎదురుగా వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. వదిలితే ఆ మనిషి కంగారులో నోట్లో గొట్టం పీకేసుకుంటాడు, వదలకపోతే వెనక వల విప్పేది ఎవరు? గురువుగారు ఒక్క చేత్తో ఆయన చేతులు రెండూ అదిమిపట్టి, రెండో చేత్తో తడిమి నా మణికట్టు దొరకబుచ్చుకుని, నా చేతిని ఆ సీసా మీద పెట్టాడు.

నేను కళ్లు మూసుకున్నాను. మూయగానే ఊపిరి కూడా దానంతటదే బిగుసుకుపోయింది. నాన్న నాకు రెండూ కలిపి నేర్పాడు మరి, ఒకటి వస్తే రెండోది వెనకాలే వచ్చేస్తుంది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. కళ్లు నాన్నవి, ఊపిరి అమ్మది అనుకున్నాను. కళ్లు మూసే ఉంచి, రాగం ఎత్తుకున్నాను. చెవుల పక్కనుంచి బుడగలు గలగలమని పోతుంటే వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. గుచ్చుకుంటే వల. మూడు చుట్లు తిరిగి ఉంది, నడిమి చుట్టు మీద ముడి పడింది. కంగారుగా లాగితే బిగుస్తుందని నాన్న వందసార్లు చెప్పిన ముడే అది. ముందు వదులు చేసి, తర్వాత వెనక్కి తిప్పి, ఒక్కో చుట్టూ తీశాను. పాట మూడో చరణంలోకి వచ్చేసరికి సీసా విడిపోయింది. ముగ్గురం నెమ్మదిగా పైకి వచ్చాం. నా రాగం ఎక్కడా తెగలేదు.

పడవలో ఆ పెద్దమనిషి తన భార్య చేయి పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గురువుగారు నా వైపు తిరిగి, లోపల కళ్లెందుకు మూసుకున్నావని అడిగాడు. మా ఊళ్లో నీళ్లలో చూడటం ఇలాగేనండీ అని చేతులు చూపించాను. ఆయన తలాడించి, వానలు వెలిశాక నేరుగా నా దగ్గరికే రా అన్నాడు. పట్టీ తెగితే కుట్టించిన తన పాత కళ్లద్దం, నీళ్లలో మొహానికి పెట్టుకునేది, నా సంచిలో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆ కళ్లద్దం నాన్న చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, క్యాలెండరు మేకుకు తగిలించాడు. జరిగిందంతా అమ్మే అడిగి అడిగి చెప్పించుకుంది. నాన్న వింటున్నాడో లేదో తెలియలేదు. రెండురోజులయ్యాక చుట్టింటి నీడన వల బాగుచేస్తూ, తలెత్తకుండా, వల కోశావా విడదీశావా అని అడిగాడు. విడదీశాను అన్నాను. ఊపిరి వదిలే చేశావా అన్నాడు. వదిలే చేశాను అన్నాను. మన పద్ధతి మానేశావని అంటాడేమోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. ఆయన వలలో మరో కన్ను అల్లి, సరేలే, మంచిపనే చేశావు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మేకు మీద కళ్లద్దం లేదు. బయటికొస్తే నాన్న దోనె దగ్గర గెడ పట్టుకుని నా కోసం చూస్తున్నాడు. గట్లు పోయాక సరస్సు మళ్లీ మా ఊరి దాకా వచ్చింది. తామరల మధ్య, అలికిడి లేని చోట, వానలు ముదరకముందు ఆ వేళప్పుడు నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. అక్కడ దోనె ఆపి, కళ్లద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టుకునే దిగాడు. ఆయనకు ఆయన పద్ధతి. నేను అలవాటుగా లెక్కపెట్టాను. ఎనభై దాటాక పైకి వచ్చి, దోనె అంచు పట్టుకుని ఆయాసపడుతూ, "నా చేతులు కనబడ్డాయిరా" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ నీళ్లలో మా అందరికీ అన్నం పెట్టిన చేతులు. పని చేస్తుండగా వాటిని ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. ఆ పూట ఇంకో నాలుగుసార్లు దిగాడు, దేనికోసమూ కాదు, ఊరికే.

తర్వాత నేను ఆ ఓడ మీద ఎనిమిది సీజన్లు చేశాను. ఎందరికో ఊపిరి వదలడం నేర్పాను. ఇప్పుడు కైకలూరులో చేపలకు గాలి అందేలా చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాలు బాగుచేసే కొట్టు ఉంది నాకు. నాన్న లేడు. సరస్సుకు బయట మిగిలిన చెరువుల తూములకు ఇనుప తలుపులూ మోటార్లూ వచ్చాయి, ఎవరూ కళ్లు మూసుకుని దిగనక్కర్లేదు. అది మంచిదే. ఏ తల్లీ గట్టు మీద నిలబడి వంద లెక్కపెట్టుకునే పని లేదు. అయినా ముట్టుకుని నాచేదో వలేదో చెప్పగల వేళ్లు ఇక ఎవరికీ అక్కర్లేదంటే మనసు చివుక్కుమంటుంది.

ఏలూరులో ఐదోసారి అమ్మ పాట తీస్తూ ఊదాను. ఆ పిల్ల విచిత్రంగా చూసింది గానీ, కాగితం మీద గీత నిండుగా వచ్చింది. దగ్గుకు మందు చాలునని, ఊపిరికేమీ ఢోకా లేదని డాక్టరు గారు చెప్పారు. ఇంటికి వచ్చిన మర్నాడు, పట్టీ మళ్లీ కుట్టించిన ఆ పాత కళ్లద్దం తీసుకుని తామరల వైపు వెళ్లి దిగాను. నీళ్లు అప్పటంత తేటగా లేవు. చేతులు మొహం దగ్గరకు తెచ్చుకుంటే తప్ప కనపడలేదు. కనబడ్డాక చూస్తే, ముడతలు పడి, వేళ్ల కణుపులు ఉబ్బి, అవి అచ్చం నాన్న చేతులే.